రెండు గీతల మధ్య సందు

కదలొద్దని చెప్పి బల్ల మీద పడుకోబెట్టారు. మణికట్టులోంచి దూరిన సన్నని తీగ గుండె రక్తనాళం దాకా వెళ్లింది. దాని కొసన ఒత్తిడి కొలిచే గేజి ఉంది. ఇరవై ఆరేళ్లుగా బాయిలర్ గేజీలు చూస్తున్న నాకు ఆ మాత్రం అర్థమవుతుంది.

"నాళం సన్నబడిన చోటికి ముందు ఒత్తిడి వంద అనుకోండి," అన్నాడు డాక్టరు. "దాటాక ఎనభై లోపుంటే స్టెంట్ వేస్తాం. పైనుంటే మందులు చాలు."

లోపే ఉండాలని కోరుకున్నాను. ఫ్యాక్టరీలో తొంభై ఇనపమెట్లు ఎక్కినా నాకేమీ కాదు. మా ఇంటి మూడో అంతస్తులో తలుపు కనపడగానే ఎవరో ఛాతీ మీద కూర్చుంటారు. తలుపు వెనక మా ఆవిడ. రెండేళ్లుగా అవసరమైన మాటలే మాట్లాడుతోంది. ఈ నొప్పి నాళం తప్పే అయితే ఎంత బాగుండును!

మందు ఎక్కించారు. ఛాతీ బిగుసుకుపోయింది.

"రెండు నిమిషాలే అన్నయ్యా, ఓర్చుకోండి," అంది టెక్నీషియన్.

డెబ్బై ఎనిమిది.

డాక్టరు తీగని మళ్లీ నాళం మొదట్లోకి లాగి, "స్టెంట్ తియ్యండమ్మా," అంటూ అటు తిరిగాడు.

తెర మీద రెండు గీతలు: ఒకటి నాళం మొదట్లో ఒత్తిడి, ఇంకోటి తీగ కొసన ఒత్తిడి. తీగ లోపలికి వెళ్లకముందు టెక్నీషియన్ వాటిని ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడం చూశాను. తీగ వెనక్కి రాగానే అవి మళ్లీ కలవాలి. కలవలేదు. మధ్యలో వేలెడు సందు. గేజి లెక్క జారిపోయింది, ఆ డెబ్బై ఎనిమిది అబద్ధం. నేను నోరు మూసుకుంటే చాలు, అది నాదవుతుంది.

"సార్, గేజి తప్పు చూపిస్తోంది," అన్నాను. ఇరవై ఆరేళ్ల అలవాటు.

ఆమె తెర చూసి నాలుక్కరుచుకుంది. "నిజమే సార్, కలవలేదు. అన్నయ్యా, రేపట్నుంచి మీరు డ్యూటీకి రండి, నేనక్కడ పడుకుంటా."

గీతలు కలిపి మళ్లీ కొలిచారు. మళ్లీ ఆ బిగింపు. ఎనభై ఏడు.

"అదృష్టవంతులు," అన్నాడు డాక్టరు. "స్టెంట్ అక్కర్లేదు."

మర్నాడు మా ఆవిడ సంచి పట్టుకుని ముందు మెట్లెక్కింది. మూడో అంతస్తులో తాళం తీసి, తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. నేను కమ్మీ పట్టుకుని ఆగిపోయాను. ఛాతీ మీద ఆ బరువు వచ్చి కూర్చుంది.

"ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేదనే కదా ఆ డాక్టరూ చెప్పాడు. రండి లోపలికి."