ఫిట్టా, అన్‌ఫిట్టా

ఎసట్లో బియ్యం పోస్తూ పోస్తూ ప్రసన్నలక్ష్మి నిలబడే నిద్రపోయింది. చేతిలో గిన్నె ఒరిగి సగం బియ్యం పొయ్యి గట్టు మీద పడ్డాయి. "సోయి ఉన్నదా పిల్లా నీకు? నిలవడి నిద్రపోయేటివి గొడ్లు, మనుషులు గాదు" అని అత్త దుర్గమ్మ వెనకనుంచి కేకేసింది. పదకొండేళ్లుగా రోజుకొక్కసారైనా వింటున్న మాటే. ప్రసన్న బియ్యం ఎత్తుకుని, కడుక్కుని, మళ్లీ పోసింది.

ఈ నిద్ర అత్తగారింట్లో పుట్టింది కాదు. పద్నాలుగో ఏట, చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ మరాఠీ బడిలో మొదలైంది. లెక్కల సారు బెంచీ ఎక్కిస్తే ఆ బెంచీ మీదే కునికేది. నవ్వొస్తే మరీ ఘోరం, మెడ వాలిపోయి మోకాళ్లు జారిపోయేవి. బొగ్గుబాయిలో దిగే తండ్రి లచ్చయ్య "బిడ్డకు నెత్తురు తక్కువున్నది" అని పల్లీలూ బెల్లమూ తెచ్చి తినిపించాడు. ఆయన పోయాక ఆ నౌకరీ ఆమెకొచ్చింది, ల్యాంప్‌రూంలో. బాయిలోకి దిగేవాళ్లు తలకు పెట్టుకునే దీపాలను చార్జింగ్ పెట్టి, నంబరు చూసి ఇచ్చి, షిఫ్టు దిగాక అదే నంబరుకు తిరిగి తీసుకోవాలి. నిద్ర రాకుండా అటూ ఇటూ తిరిగేది, తొడ గిల్లుకునేది. తొడల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి మొగుడు మల్లేశం ఏమైందని ఒక్కనాడూ అడగలేదు.

మల్లేశం మంచిర్యాల వైపు మనిషి. నౌకరీ ఉన్న పిల్లని ఏరికోరి చేసుకుని, తల్లిని వెంటబెట్టుకుని, పిల్ల పేర ఉన్న క్వార్టర్‌లోకి వచ్చి కూర్చున్నాడు. బుద్ధి పుడితే ఆటో నడుపుతాడు. ప్రసన్న నాలుగింటికి లేచి నీళ్లు పట్టాలి, ఇద్దరికీ వండాలి, డ్యూటీకి పోవాలి, వచ్చి బట్టలుతకాలి, మళ్లీ వండాలి. ఈ మధ్యలో ఐదు నిమిషాలు గోడకు ఆనుకుందంటే చాలు, ఇంకేముంది! "పండుకునుడే పనాయె" అని తల్లి, "రోగం లేదు పాడు లేదు, ఒళ్లు బరువు" అని కొడుకు. చుట్టాల పెళ్లిళ్లలో ఎవరైనా హాస్యమాడితే పడిపోతానేమోనని ఆమె దూరంగా కూర్చునేది. దానికి పొగరని పేరు పెట్టారు. నవ్వు ఆపుకోవడం అలవాటై, చివరికి ఆ ఇంట్లో నవ్వే రావడం మానేసింది.

పోయిన నెల ల్యాంప్‌రూంలో తోటి ఉద్యోగి రమ ఏదో అంటే నవ్వాపుకోలేక కుప్పకూలింది. దెబ్బ తగల్లేదు కానీ మేనేజరు భయపడి నాగ్‌పూర్ దవాఖానకు రాసిచ్చాడు. అక్కడ తలకు వైర్లు అతికించి ఒక రాత్రంతా, మర్నాడు పగలు ఐదుసార్లు పడుకోబెట్టి చూశారు. పడుకో అని ఇంత మర్యాదగా తనకెవరైనా చెప్పడం అదే మొదటిసారి. డాక్టరమ్మ కాగితం మీద మెదడు బొమ్మ గీసి చూపించింది. మెలకువను నిలబెట్టే రసాయనం ఒకటి మెదడులో ఊరుతుందట, దాన్ని తయారుచేసే కణాలు ప్రసన్నకు చిన్నప్పుడే చచ్చిపోయాయట. పగటి నిద్రా, నవ్వితే కూలిపోవడమూ రెండూ అందుకేనట. "ఇది బద్ధకం కాదు. నీ తప్పు ఇందులో ఏమీ లేదు" అంది. గోళీ రాసింది, మధ్యాహ్నం పన్నెండింటికి ఇరవై నిమిషాలు తప్పకుండా పడుకోమంది. చంద్రపూర్ బస్సులో ప్రసన్న వరోరా దాకా ఏడుస్తూనే ఉంది. పద్దెనిమిదేళ్లు తన్ను తాను తిట్టుకుంది మరి, ఆ తిట్లన్నీ ఎక్కడికి పోతాయి?

ఇంటికొచ్చి చెబితే దుర్గమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "పట్టపగలు ఆడది పండుకుంటే ఇల్లు ఏం గాను? నాగ్‌పూర్‌ల గిదా నేర్పింది?"

మల్లేశం మాత్రం రిపోర్టు పట్టుకుని స్నేహితుడు కనకరాజు దగ్గరికి పోయాడు. వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. అప్పటినుంచి, ఆహా, ఏం ప్రేమ! వాకిట్లో కనబడిన వాళ్లందరికీ "మా ఆమెకు పెద్ద రోగమున్నదన్నా, మెదడు రోగం" అని చెప్పుకున్నాడు. రోగమే లేదన్నవాడు రోగాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగాడు. సంగతేమిటో వారం తర్వాత తెలిసింది. ఆమెను మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేస్తే ఆ నౌకరీ మొగుడికి వస్తుందని కనకరాజు చెప్పాడట. బోర్డుకు దరఖాస్తు కూడా పోయింది. దాని మీద ప్రసన్న సంతకమే ఉంది!

"నేనెప్పుడు పెట్టిన?" అంది ఆమె.

"మొన్న బట్టలు మడతపెడుతుంటివి గదా, గప్పుడు. సంతకం పెట్టమన్న, పెట్టినవ్. నిద్రమత్తుల ఉంటే నేనేం జేయాలె?" అని నవ్వాడు. "ఏందే గట్ల జూస్తవ్? ఇంట్ల హాయిగ ఉండు. వండిపెట్టు."

ప్రసన్నకు ఒళ్లు మండింది. తండ్రి ఊపిరితిత్తులనిండా బొగ్గుపొడి నింపుకుని విడిచిపోయిన నౌకరీ అది. ఆ ఇంట్లో ఆమెకు సొంతంగా ఉన్నదల్లా ఆ ఎనిమిది గంటలే, పేరు పెట్టి పిలిచే చోటు అదొక్కటే. అయినా బోర్డు రోజున ఇస్త్రీ చీర కట్టుకుని ఆటో ఎక్కింది.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు, ముగ్గురూ మరాఠీవాళ్లే. మల్లేశం సాక్ష్యానికి తల్లిని తెచ్చుకున్నాడు. "ఫిట్స్ వస్తయని చెప్పు, రోజు వస్తయని చెప్పు" అని దారంతా నూరిపోశాడు. దుర్గమ్మకు వచ్చింది సంతలో కూరగాయలు బేరమాడే మరాఠీ. పెద్ద డాక్టరు "సాంగా ఆజీ", చెప్పు అవ్వా, అనగానే ఆమె చేతులు జోడించి, గొంతు పెంచి మొదలుపెట్టింది.

"సాహెబ్, తీ ఫిట్ ఆహే. రోజ్ ఫిట్ ఆహే. లగ్న ఝాలా తెవ్హాపాసూన్ ఫిట్ ఆహే!"

ఫిట్స్ వస్తాయనాలంటే ఫిట్ యేతే అనాలి. ఫిట్ ఆహే అంటే ఆరోగ్యంగా ఉందని. కోడలు దివ్యంగా ఉంది, రోజూ దివ్యంగా ఉంది, పెళ్లైనప్పటినుంచీ దివ్యంగా ఉందని అత్త గుండెలు బాదుకుంటూ చెబుతోంది! డాక్టర్లు మొహామొహాలు చూసుకున్నారు. "అమ్మా, గట్ల గాదే!" అని మల్లేశం తల పట్టుకున్నాడు.

ప్రసన్నకు నవ్వొచ్చింది. ఎన్నేళ్ల నవ్వో, కడుపులోంచి తన్నుకుని వచ్చింది. ఆపుకోలేదు. మెడ వాలింది, మోకాళ్లు జారాయి, కుర్చీ పక్కన కూలబడిపోయింది. "చూడుండ్రి సార్, చూడుండ్రి! సోయి తప్పింది!" అని మల్లేశం పండగ చేసుకుంటున్నాడు. నాలుక కదలడం లేదు కానీ చెవులకు అన్నీ వినబడుతున్నాయి, ఆ సంబరంతో సహా. అర నిమిషం గడిచింది. చేతుల్లోకి బలం వచ్చింది. లేచి, చీర సర్దుకుని, బడిలో నేర్చిన మరాఠీలో తడబడకుండా మాట్లాడింది.

"నాకు ఫిట్స్ లేవు సాహెబ్. సోయి తప్పదు. ఇప్పుడు ఈయన అన్నవన్నీ విన్నాను. నవ్వొస్తే పడిపోతాను. మా ఇంట్లో ఆ ప్రమాదం తక్కువ. గోళీలు వేసుకుంటున్నాను. నడిచే మిషన్ల దగ్గర నన్ను పెట్టకండి, బాయిలోకి దింపకండి. ల్యాంప్‌రూంలో పద్నాలుగేళ్లు చేశాను, ఒక్క దీపం నంబరు తప్పలేదు. పుస్తకాలు తెప్పించి చూడండి."

"మరి ఈ దరఖాస్తు?"

"సంతకం నాదే. పెట్టించుకున్నప్పుడు నాకు మెలకువ లేదు. ఇప్పుడుంది. వాపసు తీసుకుంటున్నాను, ఎక్కడ రాయాలో చెప్పండి."

పెద్ద డాక్టరు నాగ్‌పూర్ రిపోర్టు మొదటినుంచి చదివాడు. ల్యాంప్‌రూం పనికి ఫిట్ అనీ, మధ్యాహ్నం ఇరవై నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలనీ రాసి కాగితం ఆమె చేతికే ఇచ్చాడు.

వరండాలోకి రాగానే మల్లేశం మీదికొచ్చాడు. "నా బతుకంత ఖరాబ్ జేసినవ్ గదనే! నలుగుర్ల ఇజ్జత్ దీసినవ్!"

దుర్గమ్మకు ఏం జరిగిందో ఇంకా అర్థం కాలేదు. "నేను మంచిగనే చెప్పిన గద బిడ్డా?" అంటోంది.

గోడగడియారంలో పన్నెండు కావస్తోంది. ప్రసన్నకు రెప్పలు బరువెక్కాయి. తొడ గిల్లుకోలేదు. గోడవారగా ఉన్న పొడుగు బెంచీ దగ్గరకు పోయి, చెప్పులు విడిచి, సంచీ తలకింద పెట్టుకుంది. రోగులూ నర్సులూ అందరూ చూస్తున్నారు. పట్టపగలు, అంతమంది మధ్యలో, కాళ్లు బారజాపుకుని పడుకుంది.

"ఏందే గిది? లే!" అన్నాడు మల్లేశం.

"క్వార్టర్ నా పేర ఉన్నది. రేపటిసంది, డ్యూటీ లేనినాడు ఆ ఇంట్ల గూడ నేను గీ టైముకు పండుకుంట" అంది ఆమె కళ్లు మూసుకుంటూ. "సయించనోళ్లు వేరే ఇల్లు జూసుకోండ్రి. అత్తా, ఇరవై నిమిషాలకు లేపు. అంతకుముందు నన్ను ఎవ్వరు ముట్టొద్దు."