బోయో పూసుకున్న మట్టి

పోట్లాట ఆగిపోయాక వచ్చారు పోలీసులు. మా వాగి లోయలో వాళ్ల తీరే అంత. బాణాలు ఎగిరేటప్పుడు ఒక్కడూ కనబడడు. మేం ఆడవాళ్లం రెండు వంశాల మధ్య నిలబడి, గొంతు పోయేలా అరిచి మగాళ్లను వెనక్కి తోలాం. గట్టు మీద ఎర్రాకు మొక్కలు నాటి, ఇది దాటాలంటే మమ్మల్ని తొక్కి దాటండి అని తేల్చేశాం. అంతా అయ్యాక ట్రక్కులో దిగారు మారాజులు. ఇళ్లు తగలబెట్టారు, పందుల్ని కాల్చి పడేశారు. ఎందుకు తగలబెడుతున్నారని అడిగినందుకు నా కొడుకు కైపెల్‌ని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయారు.

నేను పుట్టింది కొమ్‌కా వాళ్లలో, మెట్టింది దింగా వాళ్లలో. కొట్టుకున్నది ఆ రెండు వంశాలే. కైపెల్ పేరు పోలీసులకు అందించింది నా తమ్ముళ్లేనని మా ఆయన వాంప్‌కి అనుమానం.

"వాడికేమన్నా అయిందో, నీ పుట్టింట్లో మగపురుగు మిగలదు," అన్నాడు. అంటూనే ఏడ్చాడు. మగాళ్లందరినీ వెంటేసుకుని, గొడ్డళ్లతో, విల్లులతో స్టేషనుకూ, దాని పక్కనే ఉన్న మా పుట్టింటి ఊరికీ ఎదురుగా ఉన్న కొండెక్కి కూర్చున్నాడు.

"నేను పోయి వాణ్ణి చూసొస్తా. ఈలోగా కొండ దిగావంటే నా మొహం చూడకు," అని చెప్పి బయల్దేరాను. కొడుకు ఒకవైపు, తమ్ముళ్లు ఒకవైపు. నా గుండె ఎలా ఉందో నాకే తెలుసు.

రెండు వంశాల ఆడవాళ్లూ నాతో నడిచారు. నా పెద్ద తమ్ముడి పెళ్లాం నోపే, కైపెల్ కోసం చిలగడదుంపలు కాల్చి ఆకులో చుట్టి తెచ్చింది.

స్టేషను గేటు దగ్గర సార్జెంటు అడ్డంగా నిలబడ్డాడు. "ఆ పేరుగలవాడు ఇక్కడ ఎవడూ లేడు."

"లేడా? మరి వాడి టోపీ నీ కానిస్టేబులు నెత్తి మీదికి నడుచుకుంటూ వచ్చిందా? అల్లింది నేను. ఆ ముడి నాది," అన్నాను.

కానిస్టేబులు గభాలున టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. సార్జెంటు మాత్రం, "పోండి పోండి," అంటూనే ఉన్నాడు. మేం గేటు ముందే చతికిలబడ్డాం.

ఆ కానిస్టేబులు పెళ్లాం బోయో. రాజధాని పోర్ట్ మోర్స్‌బీ వైపు సముద్రపు ఒడ్డు పిల్ల. సంతలో నా దగ్గర కూరలు కొంటుంది, అక్కా అక్కా అంటూ గంటలకొద్దీ కబుర్లాడుతుంది. మా పద్ధతులు కొన్ని నేనే చెప్పాను. మాలో తప్పు చేసినవాళ్లు ముందుగా చెరుకుగడ తెచ్చి దెబ్బతిన్నవాళ్ల చేతికిస్తారు. బెల్ కోల్ అంటాం, అంటే కడుపు చల్లార్చడం. అది రాజీ కాదు, క్షమించడమూ కాదు. కడుపుమంట కాస్త తగ్గితే గాని మాట మొదలవదు కదా, అందుకు.

క్వార్టర్స్ వెనకనుంచి బోయో చెరుకుగడ పట్టుకుని వచ్చింది. మొహం నిండా తెల్లమట్టి పూసుకుని ఉంది.

మాలో ఆ మట్టి చావింటివాళ్లు పూసుకుంటారు.

"అయ్యో నా కొడుకో!" అని ఒక్క కేక పెట్టాను. ఆడవాళ్లంతా అందుకున్నారు. ఆ ఏడుపు కొండకు వినబడకుండా ఉంటుందా? పైన మగాళ్లు లేచారు. గొడ్డళ్లు ఝళిపిస్తూ కిందికి దిగుతున్నారు.

"ఎవరు పోయారక్కా? ఏమైందక్కా?" బోయో నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"నువ్వే కదే మట్టి పూసుకొచ్చి చెప్పావు!"

"బాధలో ఉన్నవాళ్లు పూసుకుంటారని సంతలో చెప్పావు కదక్కా! మా ఆయన వాణ్ణి కొట్టాడని సిగ్గుతో పూసుకున్నా. కైపెల్ బతికే ఉన్నాడు. ఇప్పుడే నీళ్లు తాగించొచ్చా!"

"ఓసి నీ తెలివి తెల్లారా!" అని వీపు మీద ఒక్కటేశాను. ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుని, పావడా అంచుతో దాని మొహం తుడిచాను. ఇద్దరం ఏడుస్తూనే ఉన్నాం.

సార్జెంటు కళ్లు కొండ మీదే ఉన్నాయి. "వాళ్లను ఆపవమ్మా!"

"లేనివాడి కోసం ఏడిస్తే నీకెందుకయ్యా భయం? వాణ్ణి బయటికి తే."

తాళం తీశారు. కైపెల్ గోడ పట్టుకుని వచ్చాడు. మొహం ఎంత వాచిందంటే, నడకను బట్టి పోల్చుకున్నాను.

"బతికున్నాడోయ్!" అని అందరం కొండకేసి అరిచాం. వాళ్లు ఆగలేదు.

"మమ్మల్ని ఆపడానికి మీరు ఏమైనా చెప్తారు!" పైనుంచి వాంప్ గొంతు. "వాడి గొంతు వినిపించండి!"

"పక్కటెముకలు విరిగినట్టున్నాయి వదినా. అరవమనకు," అంది నోపే. ఆమె మొగుడి ప్రాణం ఆ అరుపు మీదే ఉంది. అయినా ఆ మాటంది నా తల్లి.

"అమ్మా, నన్ను గట్టిగా పట్టుకో," అన్నాడు కైపెల్.

వెనకనుంచి రెండు చేతులతో వాడి పక్కలు అదిమి పట్టుకున్నాను.

"నాన్నోయ్! మామయ్యల జోలికి పోకు! వాళ్లెవరూ చెప్పలేదు! నీ పేరేంట్రా అని పోలీసులే అడిగితే నేనే చెప్పా!"

ఒక్కొక్క మాటకూ నా అరచేతుల కింద ఎముక కదిలింది. ఆ బాధ నాకిచ్చెయ్యమని దేవుణ్ణి అడిగాను. కొండవాలులో వాంప్ ఆగిపోయాడు. గొడ్డలి పడేసి, బాట మధ్యలో కూలబడి పసివాడిలా ఏడ్చాడు. వెనకవాళ్లూ ఆగారు.

బోయో ఇంకా చెరుకు చాపే ఉంది. నోపే నా వైపు చూసింది.

"కడుపు చల్లారుతుందేమో గాని కేసు చల్లారదు పిల్లా," అన్నాను. "మీ ఆయన కోర్టులో నిలబడాలి. చూశామని చెప్పేవాళ్లు కావాలి. ఈ పోలీసుల్లో ఒక్కడైనా నోరు విప్పుతాడా?"

"నేను చెప్తానక్కా. కిటికీలోంచి మొత్తం చూశా."

"బోయో!" అన్నాడు దాని మొగుడు.

అది మొగుడి వైపు తిరగలేదు. కైపెల్ వైపే చూస్తూ, "మొత్తం చూశా," అని మళ్లీ అంది.

అప్పుడు తీసుకున్నాను చెరుకు.