ముప్పై ఏడో ప్రశ్న

ముకోనో స్టాండులో కంపాలా బండెక్కి నస్సోలో అనే అమ్మాయి గడియారం చూసుకుంది. ఏడూ పది. తొమ్మిదికల్లా లా కాలేజీ గేటు మూసేస్తారు. ప్రవేశపరీక్ష రాయడం ఆమెకిది మూడోసారి. వెనకటి రెండుసార్లూ ముంచింది తర్కం ప్రశ్నలే. "ఈసారీ రాకపోతే మసాకా వచ్చేసి కాఫీతోట చూసుకో చెల్లీ. చదివింది చాలు" అని అన్న కిగ్గుండు తేల్చి చెప్పేశాడు. ఆ తోటంటే ఆమెకూ ఇష్టమే. కానీ మనసంతా వకీలు పని మీదే ఉంది, ఏం చేస్తుంది పాపం!

ఆమెకు దొరికింది ఆఖరి సీటు. పద్నాలుగు సీట్ల బండి, లెక్కబెడితే పద్నాలుగు తలలూ ఉన్నాయి. ఇంకేం, కదలడమే తరువాయి అనుకుని ఒళ్ళో పుస్తకం తెరిచింది.

ముప్పై ఏడో ప్రశ్న. "బండి నిండితే కదులుతుంది. బండి కదల్లేదు. దీన్నిబట్టి ఏం తెలుస్తుంది?" నిన్న ఆమె "ఏమీ చెప్పలేం" అన్న జవాబుకు టిక్కు పెట్టింది. చివరి పేజీలో చూస్తే "బండి నిండలేదు" అని ఉంది. నస్సోలోకి ఒళ్ళు మండింది.

"చూడు తాతా!" అంటూ పక్కన కాల్చిన అరటిపండు తింటున్న ముసలాయనకు పుస్తకం చూపించింది. "మనం కూర్చున్నది నిండిన బండిలో. డ్రైవరేమో అక్కడ చాయ్ తాగుతున్నాడు. ఇది రాసినవాడు మన స్టాండులో ఒక్క పూటైనా నిలబడ్డాడా అంట?"

"పెద్ద చదువులోళ్ళకి మన గోడు ఏం తెలుస్తదమ్మా" అని ఆయన కిటికీ వైపు తిరిగాడు.

అదే ఆమె జబ్బు. ప్రశ్న చదివి జవాబు వెతకదు, ప్రశ్నతోనే తగాదా పెట్టుకుంటుంది.

ఏడున్నర అయింది. బండి అంగుళం కదల్లేదు. వెనక బండిలో జనం కండక్టరును దులిపేస్తున్నారు. "కదుల్తావా, దిగిపొమ్మంటావా?" "మేం పోయేసరికి పెళ్ళయి పిల్లలు కూడా పుట్టేట్టున్నారు!" ఈ బండిలో మాత్రం కిక్కురుమన్నవాడు లేడు. ఒకావిడ తీరిగ్గా జడలు అల్లుకుంటోంది. ఇద్దరు కునుకు తీస్తున్నారు.

నస్సోలో చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. ఎక్కడికైనా పోవాల్సిన మనిషి ఆలస్యమైతే విసుక్కుంటాడు. ఇక్కడ ఒక్కరూ విసుక్కోవడం లేదు. అంటే...

"తాతా, కంపాలాలో ఎక్కడ దిగుతావు?"

"నేనా? అదీ... వెళ్ళాక చూద్దాంలేమ్మా."

"నువ్వో, అక్కా?"

జడలావిడ తల దించుకుంది.

ఓరి దేవుడో! బండి నిండుగా కనపడాలని కూలికి కూర్చోబెట్టే జనం! అసలు ప్రయాణికులు వచ్చేకొద్దీ వీళ్ళు ఒక్కొక్కరే దిగిపోతారు. బుద్ధెరిగినప్పటినుంచీ ఈ స్టాండులోనే తిరుగుతూ, ఈ సంగతి తెలిసుండీ, తలలు లెక్కబెట్టి మోసపోయింది. పోవాల్సింది తనొక్కతే. బండి నిండలేదు. ముకోనో ముఖం చూడనివాడు పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

సంచి తీసుకుని దిగింది.

"అరె సిస్టర్, ఒక్క నిమిషం! కదిలిపోతున్నాం!" కండక్టరు అడ్డం వచ్చాడు.

"అవునవును. నువ్వు ముందునుంచి లాగు, నేను వెనకనుంచి తోస్తా."

బండిలో అందరూ పకపకా నవ్వారు. ముసలాయన కిటికీలోంచి ఆమె మరిచిపోయిన హాల్ టికెట్ అందించాడు. "ఏమనుకోకమ్మా, పొట్టకూటి కోసం. బాగా రాయి." ఆమెకు ఆయన మీద కోపం రాలేదు.

తిట్లు వినిపిస్తున్న బండిలోకి ఎక్కి ఇరుక్కుని కూర్చుంది. ఐదు నిమిషాల్లో అది కదిలింది. గేటు మూస్తుండగా లోపల పడింది.

ఆ రోజు ఆమె ఏ ప్రశ్నతోనూ తగాదా పడలేదు. చేపలు చెట్లెక్కుతాయని కాగితం మీద ఉంటే, సరే ఎక్కనీ, తర్వాతేంటి అనుకుంటూ ముందుకు పోయింది.

నెల తర్వాత జాబితా అంటించారు. అన్నకు ఫోన్ చేసింది.

"పేరుందా?"

"ఉంది."

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు చూశా అన్నయ్యా."

"సరేలే, తోటకి ఇంకెవర్నైనా పెట్టుకుంటా" అన్నాడు కిగ్గుండు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "వకీళ్ళు వేసుకునే ఆ నల్లకోటు ఎక్కడ కుడతారో కనుక్కో. అది నేనే కుట్టిస్తా."