ఇంటి వెనక కాలువ

పాప ఊపిరి తీసుకుంటూ తీసుకుంటూ మధ్యలో ఆగిపోతుందేమోనన్నదే ఆమె భయం. దాని ముందు మిగతా భయాలన్నీ పిల్లల దొంగా పోలీసు ఆటలు. కూర కలుపుతున్నా, కుట్టుమిషన్ తొక్కుతున్నా ఒక చెవి ఎప్పుడూ పాప ఛాతీ మీదే ఉండేది. కింద పిండిమర, పైన వీళ్ళ రెండు గదులు. మర తిరిగినంతసేపూ తెల్లటి పొడి మెట్లెక్కి వచ్చి గిన్నెల మీదా, పక్కల మీదా, పాప కనురెప్పల మీదా కూర్చునేది. రోజుకు మూడుసార్లు తుడిచినా తుడవనట్టే ఉండేది కాబట్టి, ఆమె ఇంట్లో ఖాళీగా ఉంటుందని పేరు. మందుల కంటే ముందు ఇల్లు మార్చమంది డాక్టరమ్మ. ఆ మాట చెబితే అత్తగారు, "మా వంశంలో ఊపిరాడనివాళ్ళు లేరమ్మా. వచ్చిందంటే అటునుంచే రావాలి," అని కోడలి పుట్టింటివైపు గడ్డం ఎగరేశారు. భర్త తలే ఎత్తలేదు.

కొండ మీద ఇళ్ళు చవగ్గా వస్తున్నాయని బస్సు డిపోలో విన్నరోజు మాత్రం ఎత్తాడు. పనుల కోసం జనం దిగిపోయి, పెంకుటిళ్ళు అడిగే దిక్కులేక పడి ఉన్నాయట. ఇక్కడ గది కూడా రాని డబ్బుకి అక్కడ ఇల్లూ పెరడూ వస్తాయట. ఆయన చెబుతుంటే వింటూ వింటూ, పొయ్యి మీద పాలు పొంగిపోయిన సంగతే ఆమె చూసుకోలేదు. పాపని తీసుకుని అక్కడికి వెళ్ళిపోవచ్చని ఆమె ఆశ. కొని, సరదాగా తిరగడానికొచ్చేవాళ్ళకి అద్దెకివ్వాలని ఆయన ఆలోచన. "నువ్వక్కడ ఎలా ఉంటావు? బల్బు మార్చాలన్నా నేనే రావాలి," అన్నాడు. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో బల్బులు మారుస్తున్నది ఆమే. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి అవి వెలుగుతూనే ఉండేవి గనుక ఆ సంగతి ఆయనకి తెలియలేదు. ఇల్లు కొనే డబ్బులో సగం ఆమె బడిపిల్లల యూనిఫాంలు కుట్టి కూడబెట్టిందే. బ్యాంకు పుస్తకం ఆయన జేబులో ఉండేది గనుక అదీ ఎవరికీ గుర్తులేదు.

ఇల్లు కొనడానికి బయల్దేరారు. బస్సు దిగాక అరగంట కొండ ఎక్కాలి. పాప ఆమె చంకలో, సంచి ఆమె భుజాన, గొడుగు ఆయన చేతిలో.

పైన ఒక కట్టుబాటు ఉంది. మునుపెవరో పట్నంవాళ్ళు ఇల్లు కొని తాళం వేసుకుపోతే, వెనక కాలువ పూడిపోయి, వానకి బురద జారి కింది ఇల్లు సగం కూలింది. అప్పట్నుంచీ కొనేవాళ్ళు మూడురోజులు ఆ ఇంట్లో ఉండాలి. కాలువ తీయాలి, ఊట దగ్గర్నుంచి నీళ్ళగొట్టం బిగించాలి, పొయ్యి రాజెయ్యాలి. ఎవరి చేత్తో ఆ పని జరిగితే వాళ్ళ పేరనే ఇంటి కాగితం. ఊరి సంఘం పెద్ద ఇదంతా మొదటిరోజే అరుగు మీద కూర్చోబెట్టి చెప్పింది. రాతిగోడలు కట్టి కట్టి వేళ్ళు బిరుసెక్కిన ముసలామె, అందరూ మేస్త్రమ్మ అంటారు. ఆయన డబ్బు సంఘం చేతిలో పెట్టి, ఫోన్ ఎత్తి సిగ్నల్ వెతుక్కుంటూ, "అలాగే అలాగే, అవన్నీ మా ఆవిడ చూసుకుంటుంది," అన్నాడు.

ఆయన వినలేదు. ఆమె విన్నది. ఆయన చెవిన పడనివన్నీ, గ్యాసు అయిపోవడం, పాలవాడు రాకపోవడం, వాళ్ళమ్మ మాత్రలు, మళ్ళీ మళ్ళీ చెప్పడం ఆమె నౌకరీ. ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. అది మోసమా అని పార పట్టుకున్నప్పుడల్లా తనని తనే అడిగింది. పెద్దావిడ గొంతు చిన్నదేం కాదు, ఆయనకి చెవుడూ లేదు. అయినా న్యాయానికి, రెండోరోజు ఒకసారి గొట్టం కొస పట్టుకోమని అడిగింది. బట్టలు పాడవుతాయన్నాడు. ఆమె కొసకి రాయి పెట్టి బిగించుకుంది.

ఆ సాయంత్రం పాపకి ఆయాసం వచ్చింది. మందు పీల్పించి, వీపు నిమురుతూ, వానకి దారి తెగితే ఏం చేస్తారని మేస్త్రమ్మని అడిగింది.

"తెగుతుంది. ఏటా తెగుతుంది," అందామె. "అప్పుడు మోసుకుపోతాం. కింద నర్సమ్మ ఉంది. పోయినేడు నన్ను కుర్చీలో మోశారు, దారంతా బరువెక్కానని తిట్టుకుంటూ."

భయం పోలేదు. కానీ భయపడుతున్నది తనొక్కతే కాదని ఆమెకి మొదటిసారి తెలిసింది.

మూడోరోజు సంఘంవాళ్ళంతా చేరి అరుగు మీద ఇంటి కాగితం పరిచారు. ఆయన పెన్ను తీసేలోగా మేస్త్రమ్మ, కాలువ ఎవరు తీశారని అడిగింది.

"మా ఆవిడే. ఇంట్లో ఖాళీగానే ఉంటుందిగా," అని నవ్వాడు.

"అయితే పెన్ను ఆమెకివ్వు నాయనా."

ఆయన నవ్వు ఆగింది. తొమ్మిదో తరగతి కూడా దాటలేదనీ, కాగితాల సంగతి ఆమెకేం తెలుసనీ చెప్పాడు. నిజమే, తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని ఇంట్లోవాళ్ళు బడి మాన్పించారు.

"నేను వేలిముద్రదాన్ని," అంది మేస్త్రమ్మ. "నా గోడలు నిలబడే ఉన్నాయి."

ఆయన భార్యవైపు తిరిగాడు. "నీకొద్దని చెప్పు."

ఆమె చేతి మట్టి చీరకొంగుకి తుడుచుకుని కాగితం అందుకుంది. సంతకం ఎక్కడో అడగలేదు. అక్షరాల కింద వేలు జరుపుకుంటూ మొదట్నుంచి పైకి చదివింది. రెండు మాటల దగ్గర తడబడి, మళ్ళీ వెనక్కెళ్ళి చదివింది. తను ముగించేదాకా ఇంతమంది ఎదురుచూడటం ఆమె జీవితంలో ఎన్నడూ లేదు. అప్పుడు పేరు రాసింది, పుట్టింటి ఇంటిపేరుతో సహా.

"సరే, ఇంటికి పద. అక్కడ మాట్లాడదాం," అన్నాడు ఆయన పళ్ళ బిగువున.

"ఇంట్లోనే ఉన్నానండి," అంది. "చెప్పండి."

ఆయన మధ్యాహ్నం బస్సుకి దిగిపోయాడు. అత్తగారిని కూడా వచ్చి ఉండమని ఆమె రెండుసార్లు కబురు పెట్టింది. కొడుక్కి వండిపెట్టేదెవరని అడిగారట ఆవిడ. ఇప్పుడు ఆ రెండు గదులూ, ఆ పొడీ, కొడుకు డ్యూటీకి కట్టే అన్నం క్యారేజీ అన్నీ డెబ్బై ఏళ్ళ ఆవిడ చేతుల్లోనే ఉన్నాయి. ఎప్పుడైనా ఆ పిండిమరవైపు వెళితే, కాస్త మెట్లెక్కి ఆవిడ ఇవాళ తిన్నారో లేదో కనుక్కోండి. కొడుకునడిగితే తిన్నదనే చెప్తాడు. ఆవిడనే అడగండి.