మోయడం వేరు, తీయడం వేరు

ముందే చెబుతున్నాను, ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పితే మన్నించాలి. నాకు అక్షరాలు వచ్చింది మా ఆయన పోయాకే. గ్రంథాలయం వెనక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు చెప్పే తరగతిలో నేర్చుకున్నాను. నేను ఒక వాక్యం పూర్తి చేసేలోపు పొయ్యి మీద పాలు పొంగిపోతాయి, అంత నెమ్మది నాది. "ఇంట్లో మీరు అన్నిటికంటే ఎక్కువసార్లు తుడిచిన వస్తువు గురించి రాయండి" అంది మా పంతులమ్మ. ఒకావిడ గచ్చు అంది, ఒకావిడ గ్యాస్ పొయ్యి అంది. నేను లెన్స్ అన్నాను. "కళ్ళద్దాలా?" అని అడిగింది పక్కావిడ. కాదు. మూరెడు పొడవుండే కెమెరా లెన్స్.

ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టి దుమ్ము ఎగరగొట్టాలి. తర్వాత మెత్తటి బ్రష్. ఆ తర్వాతే గుడ్డ, అదీ నడిమి నుంచి అంచులకి, గుండ్రంగా. చీర కొంగు తగలనివ్వకూడదు. ఇవన్నీ ఆయన నాకు పెళ్ళయిన కొత్తలో నేర్పిన పనులు కావు, పిల్లవాడు కాలేజీకి వెళ్ళాక ఆయనకు పక్షుల పిచ్చి పట్టినప్పటివి. వారమంతా ఇన్సూరెన్స్ ఆఫీసు, సెలవొస్తే ఊరి చివర రెల్లు మడుగు. ఆయన కెమెరా మెళ్ళో వేసుకుని ముందు నడిచేవారు. లెన్సూ, మూడు కాళ్ళ స్టాండూ, నీళ్ళూ, తిండీ నా భుజాన. ఒకసారి గట్టు మీద కాలు జారింది. "జాగ్రత్తే, నువ్వు పడ్డా పర్లేదు, అది పడకూడదు" అన్నారు. నేను మోకాలు చెక్కుకుని కింద కూలబడ్డాను, సంచి మాత్రం నెత్తిన పెట్టుకున్నట్టు పైకి పట్టుకునే ఉన్నాను. ఆయన ఆ కథ ఫోటో క్లబ్బులో ఎన్నిసార్లు చెప్పారో. "మా ఆవిడే నా ట్రైపాడ్" అనేవారు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని, ఏం చెయ్యను.

కెమెరా కొట్టుకి వెళ్ళినా అంతే. ఆయన ఒక్కో లెన్సూ తగిలించుకుని వీధి చివర తీగ మీది కాకిని చూసేవారు. నేను మూలనున్న స్టూలు మీద సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. "మేడమ్‌గారికి కూడా చిన్న కెమెరా ఒకటి చూపించమంటారా?" అన్నాడొకసారి కొట్టాయన. "ఆవిడకి గరిట చాలు లెండి" అన్నారు మా ఆయన. కొట్టాయన నా వంక చూడకుండానే నవ్వాడు.

మడుగు దగ్గర నా పాత చీరలకు బురదరంగు వేసి కుట్టిన గుడారంలో కూర్చునేవాళ్ళం. కెమెరా కదలకుండా కింద పెట్టే గింజల సంచీ నేను కుట్టిందే, ఆయన పాత ప్యాంటు కాలితో. ఆయనకు పావుగంట కాగానే కాళ్ళు పీకేవి, దగ్గొచ్చేది, టీ కావాల్సొచ్చేది. "నీకు ఇంత ఓపిక ఎలా వచ్చిందే?" అని ఆశ్చర్యపోయేవారు. కదలకుండా, నోరెత్తకుండా, ఎవరి కంటా పడకుండా పూట పూటంతా కూర్చోవడం నాకు మడుగు దగ్గర కొత్తగా నేర్పాలా? అత్తగారింట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ అదే కదా నా చదువు.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. తీసిన ప్రతి ఫోటో అలుక్కుపోయినట్టు వచ్చేది. ఒకరోజు చిరాకుపడి "నేను చెప్పినప్పుడు నువ్వు నొక్కు" అన్నారు. నొక్కాను. ఆయన "ఇప్పుడు" అనేసరికి పిట్ట ఎగిరిపోయి ఉండేది. కొన్నాళ్ళకు ఆయన చెప్పక ముందే నొక్కడం అలవాటైంది. ఇంకొన్నాళ్ళకు ఆయన చెప్పడం మానేశారు, గుడారంలో వెనక్కి వాలి కునుకు తీసేవారు. ఇంటికొచ్చాక కంప్యూటర్ ముందు కూర్చుని తెర మీది గీతలు అటూ ఇటూ జరిపేవారు. నీడలు తేలిక చేసేవారు, అడ్డొచ్చిన రెల్లుపుల్ల తీసేసేవారు. "ఫోటో నొక్కడంలో ఏముంది? అసలు పనంతా ఇక్కడుంది" అనేవారు. నేను ఆయన వెనక నిలబడి కాఫీ అందించేదాన్ని. ఇంట్లో ఏ పనైనా ఆయన చేతిలో ఉన్నప్పుడే అసలు పని అయ్యేది.

కెమెరాలో పేరు రాసుకునే చోటొకటి ఉంటుంది. అక్కడ పేరు పెడితే తీసిన ప్రతి ఫోటో లోపలా ఆ పేరు దానంతటదే అచ్చవుతుంది. కొన్న రోజే ఆయన తన పేరు పెట్టుకుని నాకు చూపించారు. "ఇక నా ఫోటో ఎవడూ కాజెయ్యలేడు" అన్నారు. అప్పుడు నాకు చదవడం రాదు, అయినా ఆ చోటు ఎక్కడుందో గుర్తుండిపోయింది.

చలికాలంలో ఆయన పోయారు. ఎండాకాలం వచ్చాక, మడుగు ఇంకిపోతోందేమోనని నాకు మనసాగలేదు. కూరల సంచిలో కెమెరా పెట్టుకుని, పైన పూలు కప్పి, పొద్దున్నే మొదటి బస్సు ఎక్కాను. "గుడికా అత్తయ్యా?" అంది కోడలు. ఊఁ అన్నాను. ఆ రోజు ఒక నీటికుక్క తన పిల్లను నోట కరుచుకుని బురద దాటుతూ, నడి మధ్యలో ఆగి నా వైపు చూసింది. దానికి నేను కనబడ్డాననుకుంటాను. నొక్కాను. ఇంటికొచ్చి కార్డు ఆయన కార్డులతో పాటు సొరుగులో పెట్టేశాను. ఎవరికి చూపించను?

క్లబ్బువాళ్ళు ఆయన జ్ఞాపకంగా ప్రదర్శన పెడతామన్నారు. మావాడు కార్డులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. క్లబ్బు పెద్దాయన ఒక్కొక్కటే చూస్తూ నీటికుక్క దగ్గర ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇది కదా ఫోటో అంటే! పోతూ పోతూ ఇచ్చి వెళ్ళాడు మహానుభావుడు. దీన్నే పెద్దది చేసి గుమ్మం ఎదురుగా పెడదాం."

"అది నేను తీశానండీ" అన్నాను, టీ కప్పులు పెడుతూ.

కోడలు లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. మంచి పిల్లే. "మీరు పక్కనే ఉన్నారు కదా అత్తయ్యా, మీకలాగే అనిపిస్తుంది" అంది.

"తారీఖు చూడరా" అన్నాను మావాడితో. చూశాడు. వాళ్ళ నాన్న పోయిన తర్వాతి తారీఖు. పైన వాళ్ళ నాన్న పేరు. వాడు రెండూ మార్చి మార్చి చూసి క్లబ్బు పెద్దాయన మొహంలోకి చూశాడు.

"ఓస్, ఇది మామూలే" అన్నాడాయన. "పాపం చివర్లో చేతులు వణికేవి కదా, తారీఖు పెట్టేటప్పుడు తప్పు నొక్కి ఉంటాడు."

తారీఖు తప్పు నొక్కేంత వణికిన చేతులు ఫోటో మాత్రం చెక్కినట్టు తీశాయట. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కప్పులు ఎత్తుకుని లోపలికి వెళ్ళాను. ప్రదర్శన రోజున నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి పూలగుత్తి ఇచ్చారు. "ఆ కళాకారుడి వెనక ఈ తల్లి ఓర్పు ఉంది" అన్నారు. చప్పట్లు కొట్టారు. ఎదురుగా గోడ మీద నీటికుక్క నన్నే చూస్తోంది, కింద ఆయన పేరు.

తర్వాత మావాడు కెమెరా అమ్మేద్దామన్నాడు. "వాడకపోతే లెన్స్‌కి బూజు పడుతుందమ్మా."

"నేను వాడతాను, ఉంచరా."

"నీ మోకాళ్ళు చూసుకున్నావా? అంత బరువు నీ వల్ల అవుతుందా?"

"ఇన్నేళ్ళూ మోసింది నేనే కదరా."

వాడు నవ్వాడు, ముద్దుగానే. "మోయడం వేరు, తీయడం వేరమ్మా."

ఆ మధ్యాహ్నం అందరూ బయటికి వెళ్ళాక కెమెరా తీశాను. ఆ పేరు పెట్టే చోటు వెతికి పట్టుకున్నాను. అందులో ఉన్నవన్నీ ఇంగ్లీషు అక్షరాలే. అవి నాకు రావు. పింఛను పాసుపుస్తకంలో నా పేరు ఇంగ్లీషులో ఉంటుంది, అది పక్కన పెట్టుకుని బొమ్మ చూసి బొమ్మ గీసినట్టు ఒక్కో అక్షరం ఎంచాను. చక్రం కొంచెం ఎక్కువ తిరిగితే అక్షరం దాటిపోయేది, మళ్ళీ మొదటికి రావాలి. ముందు ఆయన పేరు చెరపాలి. చెరుపుతుంటే ఆయన తినకముందే అన్నం ఎంగిలి చేస్తున్నట్టు చెయ్యి వెనక్కి లాగింది. అయినా చెరిపాను. చివరి అక్షరం పడేసరికి మెడ పట్టేసింది. కొత్త కార్డు వేసి పెట్టాను. రేపు మొదటి బస్సుకి వెళ్ళాలనుకున్నాను.

సాయంత్రమే మావాడు త్వరగా వచ్చాడు. "కొట్టాయన ఉన్నాడట, పద, నువ్వూ రా, సంచి పట్టుకుందువు గానీ."

అదే కొట్టు, అదే స్టూలు. కొట్టాయన లెన్స్ లోపలికి టార్చి వేసి చూశాడు. "మచ్చ లేదండీ. చంటిపిల్లలా చూసుకున్నారెవరో."

"మా నాన్న" అన్నాడు మావాడు.

పని చేస్తోందో లేదో చూడటానికి కొట్టాయన చిన్న లెన్స్ ఒకటి బిగించి, ఎదురుగా ఏముంటే దాని వైపు తిప్పి ఒక్కసారి నొక్కాడు. ఎదురుగా నేనున్నాను. ఆ తర్వాత ఏవో మీటలు నొక్కాడు. "లోపలున్న సెట్టింగులన్నీ తుడిచేస్తాం, కొనేవాళ్ళకి కొత్తదానిలా ఉండాలి కదా" అన్నాడు. నేను స్టూలు మీది నుంచి లేచాను. ఎందుకు లేచానో ఎవరూ అడగలేదు. మళ్ళీ కూర్చున్నాను. "కార్డు మేం తీసుకోమండీ" అని అది నా చేతిలో పెట్టాడు.

ఇంట్లో కోడల్ని అడిగితే కంప్యూటర్‌లో పెట్టి చూపించింది. ఒళ్ళో ఖాళీ సంచులతో, నోరు కాస్త తెరుచుకుని నేను. పక్కనున్న వివరాలు చదువుతూ కోడలు సగంలో ఆగిపోయింది. "అత్తయ్యా, ఇందులో తీసినవారు అని మీ పేరుందేంటి?" అంది. నేను నీటికుక్క వైపు చూసినట్టు కోడలి వైపు చూశాను. అది తల దించుకుంది.

నేను తీసిన ఫోటోలన్నిటి మీదా ఆయన పేరుంది. నా పేరున్న ఫోటో ఒక్కటే, అది నేను తీసింది కాదు.

పేరు: ఆ ఫోటోలో ఉంది. వయసు: అరవై తొమ్మిది. ఇప్పుడు ఉండేది: కొడుకింట్లో, మెట్ల కింద గదిలో, ఖాళీ అయిన కెమెరా బీరువా పక్కన.