వెలుతురుకి ఎదురుగా వేసిన గాటు

బట్ట కంటితో కొనాలి, పనిముట్టు చేత్తో కొనాలి అనేవాడు గాటాయన. అందుకే తన పనిముట్ల కొట్లో బల్ల మీద ఒక చెక్కపెట్టె పెట్టుకున్నాడు. దానికి ముందువైపు అరచెయ్యి అడ్డంగా దూరేంత సందు. లోపల, కంటికి కనపడని వెనక పలకకి నాలుగు స్క్రూలు. ఇరుకు సందుల్లో పిడి అటూ ఇటూ ఊపి స్క్రూలు తిప్పే చిన్న రాట్చెట్ కావాలని ఎవరొచ్చినా ముందు ఆ పెట్టెలో చెయ్యి పెట్టించేవాడు. లోపలి స్క్రూ విప్పి బయటికి తీసినవాడికే ఆ సరుకు. తియ్యలేకపోతే, "ఇది నీ చేతిది కాదులే, ఇంకోటి చూద్దాం" అనేవాడు.

"రాట్చెట్ కొనడానికొచ్చామా, అల్లుణ్ణి వెతుక్కోడానికొచ్చామా?" అని వేళాకోళమాడేవాళ్ళు.

"అల్లుడైతే ఎలాగోలా సర్దుకుపోతాం. ఇది తేడా వస్తే వేలు పోతుంది."

బేరం కుదిరాక ఆకురాయి తీసి, రాట్చెట్ తల అంచున, మీట పక్కన, చిన్న గాటు వేసిచ్చేవాడు. మీట గాటువైపు తోస్తే స్క్రూ విప్పుతుంది, నున్నటివైపు తోస్తే బిగిస్తుంది. చెయ్యి సందులో ఉన్నప్పుడు కంటికి పనిలేదు, బొటనవేలికి తెలిస్తే చాలు. ఏ కంపెనీవాడికీ తట్టని సంగతి ఇది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గాటే ఆయన సంతకం, ఆ గాటే ఆయన పేరు.

గాటు వెయ్యడం దాచుకునేవాడు కాదు. వీధిలోంచి వెలుతురు మొహాన పడేలా బల్ల వెనక కూర్చుని, అందరూ చూస్తుండగానే వేసేవాడు. అయితే పని పూర్తయ్యేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. పూర్తయ్యాక కాయితంలో చుట్టి కొన్నవాడికే ఇచ్చేవాడు.

రోజూ ఆ పని చూసేవాడు ఒకడున్నాడు. ఆయన తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. రెండు వీధుల అవతల సైకిల్ సామాన్ల కొట్టు అతనిది. అందులో ఈగలకి తప్ప ఎవరికీ పనిలేదు. పదకొండు కొట్టేసరికి తలుపు దగ్గరగా వేసి వచ్చి, బల్లకి ఇవతల ఎత్తు స్టూలు మీద కూర్చునేవాడు. రెండు టీలు, ఊళ్ళో కబుర్లు, మధ్యమధ్య "అబ్బ, ఏం చెయ్యన్నయ్యా నీది" అని ఒక మెచ్చుకోలు. ఆ మెచ్చుకోలు ఉచితమని గాటాయన లెక్క. ఉచితంగా వచ్చేదానికి వెల తరవాత తెలుస్తుందని ఆయనే పదిమందికి చెప్పేవాడు. తన ఇంట్లో మనిషి దగ్గర మాత్రం ఆ లెక్క వెయ్యలేదు.

ఒకరోజు ఆ స్టూలు నిండి ఉండగానే మేస్త్రమ్మ వచ్చింది. బట్టలుతికే యంత్రాలు బాగుచేసే కంపెనీలో ముప్ఫైమంది పనివాళ్ళమీద పెద్ద. వేలికణుపుల మీద పాతగాట్లు ఎన్నున్నాయో ఆ పనిలో అన్నేళ్ళుంది.

"బాబాయ్, డ్రమ్ము వెనక సందుంటుంది చూడు, దానికి మా చేతుల్లో ఉన్నవేవీ పట్టట్లేదు. అందరికీ ఒకే రకం ఇమ్మని కంపెనీని ఒప్పించాను. నువ్వే ఎంచాలి."

"సందెంత?"

ఆమె నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి చూపించింది. "పిడి ఊగడానికి బొటనవేలి వెడల్పు. అంతకంటే లేదు."

ఆయన మూడు తీసి వరసగా పెట్టాడు. మొదటిది తళతళలాడుతోంది. ఆమె దాన్ని పెట్టెలో పెట్టి తిప్పబోయింది. చెయ్యి అటు తగిలి ఇటు తగిలి ఆగిపోయింది కానీ స్క్రూ కదల్లేదు.

"దీనికి ఇరవై నాలుగు పళ్ళే తల్లీ. ఒక పన్ను దాటాలంటే పిడి రెండువేళ్ళ మేర ఊగాలి. పెళ్ళికెళ్ళినట్టు విశాలంగా ఉన్నచోట పనికొస్తుంది."

రెండోదానికి పళ్ళు బాగానే ఉన్నాయి, తల మందం. స్క్రూలో దూరే బిట్టు పెట్టేసరికి సందులో దూరనే లేదు. మూడోది పొట్టిది, నల్లది, చూడ్డానికి చెంచా విరిగి మిగిలినట్టుంది. డెబ్భై రెండు పళ్ళు. పిడి చిటికెన వేలంత కదిలితే చాలు, ఒక పన్ను దాటుతుంది. ఆమె చెయ్యి లోపలికి పోయింది. పెట్టెలోంచి టిక్ టిక్ మని చీమల నడకలాంటి చప్పుడు. కాసేపటికి స్క్రూ అరచేతిలో పెట్టుకుని బయటికి తీసింది.

"ఇంత అనాకారి అనుకోలేదు బాబాయ్."

"పని చేసేవాళ్ళకి అందం దేనికి? నన్ను చూడు."

స్టూలు మీద తోడల్లుడు పగలబడి నవ్వాడు. గాటాయన ఆమె కళ్ళముందే గాటు వేసి, దాని అర్థం చెప్పి చేతికిచ్చాడు. "వారం వాడు. నచ్చితే మిగతావి తెప్పిస్తా. ఒక్కోదానికీ నేనే గాటు వేస్తా."

"కొనుగోళ్ళు చూసే ఆయన్ని నీ దగ్గరికే పంపిస్తా," అని ఆమె వెళ్ళింది.

వారం గడిచింది, ఎవరూ రాలేదు. రెండోవారం గడిచింది, తోడల్లుడు కూడా రావడం మానేశాడు. మోకాలి నొప్పని కబురు పెట్టాడు.

"వెళ్ళి చూసిరాకూడదూ?" అన్నాడు గాటాయన భార్యతో.

"చూశానుగా. మేడమెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. అంత మంచి నొప్పి నాక్కూడా వస్తే బాగుండు," అంది ఆవిడ.

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు కూడా నష్టంలోకే పోయింది.

మూడోవారం మేస్త్రమ్మ వచ్చింది. కుడి బొటనవేలికి తెల్లటి కట్టు. ఈసారి బాబాయ్ అనలేదు. సంచిలోంచి నల్ల రాట్చెట్ తీసి బల్లమీద పెట్టింది.

"మీ గాటు నమ్మాను."

"ఏమైంది తల్లీ?"

"నాది ఇంట్లో మర్చిపోయి మా పనివాడిది తీసుకున్నా. డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి, గాటు తడిమి, అటు తోసి తిప్పాను. విప్పుతున్నానని నేను, బిగుస్తోందది. స్క్రూ తల తెగింది. చెయ్యి జారి రేకు అంచున పడింది. అయిదు కుట్లు. ఈ నెల్లోనే ఇంకో ఇద్దరు స్క్రూలు విరిచారు. వాళ్ళకి చేతకాదని తిట్టాను. ఇప్పుడు వాళ్ళ మొహం ఎలా చూడను?"

గాటాయన దాన్ని తీసుకుని, కళ్ళు మూసి, బొటనవేలితో అంచు తడిమాడు. గాటుంది. లోతు సరిగ్గా ఉంది, వాలు సరిగ్గా ఉంది. ఉండాల్సిన వైపు లేదు. తన చెయ్యే కుడిఎడమైందా అని ఒక్కక్షణం తనమీదే అనుమానమొచ్చింది. ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి.

"ఇది నేనివ్వలేదే," అన్నాడు.

"మీరు కాకపోతే మీ తమ్ముడు. ముప్ఫై ఆయనే తెచ్చిచ్చాడు. అన్నయ్యకి కొట్టు దగ్గర తీరిక లేదు, నన్ను పంపాడు, గాట్లు ఆయనే వేశాడు అని మా కొనుగోళ్ళాయనతో చెప్పాట్ట. మీ ఇంటి మనిషని నేనే తలూపాను. రోజూ ఇక్కడే చూస్తున్నానుగా."

గాటాయన స్టూలు వైపు చూశాడు. అంతా అక్కడే ఉంది. ఆ సరుకు ఎక్కడ దొరుకుతుందో తోడల్లుడు అక్కడ కూర్చునే విన్నాడు. ఎవరికి కావాలో అక్కడే విన్నాడు. గాటు ఎలా వెయ్యాలో అక్కడి నుంచే చూశాడు, ఎదురుగా. ఎదుటివాడికి మన కుడి ఎడమౌతుంది. గాటు ఇవతలి నుంచి ఏ వైపు కనపడిందో, ఇంటికెళ్ళి తన చేతిలోనూ అదే వైపు వేసుకున్నాడు. ముప్ఫైకి ముప్ఫై.

సరుకు నాది కాదని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. అది నిజం కూడా. కానీ ముప్ఫైమంది చేతుల్లో తన పేరు తిరగబడి ఉంది. ఆ మాట అన్నంత మాత్రాన రేపు సందులో చెయ్యి పెట్టేవాడి వేలు మిగలదు.

"అమ్మింది నేను కాదు తల్లీ, వేసింది నేను కాదు. కానీ వాళ్ళు నమ్మింది నన్నే. ఇది ఇక్కడుంచి, ఎల్లుండి పొద్దున పదింటికి మిగతావన్నీ పట్టుకురా. వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

ఆమె రాట్చెట్ బల్లమీదే వదిలి సంచి తీసుకుంది. "తెస్తాను," అంది. అప్పటికీ బాబాయ్ అనలేదు.

ఆ మధ్యాహ్నమే ఆయన సైకిల్ సామాన్ల కొట్టుకి నడిచాడు. తోడల్లుడు నిచ్చెన మీదున్నాడు. ఈయన్ని చూసి దిగుతూ కుంటడం మొదలెట్టాడు.

"ఆ కాలు కాదుగా నొప్పి," అన్నాడు గాటాయన.

తోడల్లుడు స్టూలు లాగి వెయ్యబోయాడు. ఆయన కూర్చోలేదు. రాట్చెట్ అతని చేతిలో పెట్టాడు.

"ఎంత బాగా వేశావురా. లోతు నాకంటే బాగా కుదిరింది. వైపే తప్పింది."

"అన్నయ్యా, చెబుదామనే అనుకున్నా..."

"ఎప్పుడు? మోకాలు తగ్గాకా?"

అతను రాట్చెట్ పక్కన పెట్టాడు. తరవాత తల ఎత్తాడు. "పదకొండేళ్ళు కూర్చున్నాను నీ ఎదురుగా. ఒక్కరోజైనా ఈ పక్కకి రారా, ఇది పట్టుకో అన్నావా? టీ ఇచ్చావు. పని ఇచ్చావా?"

"అడిగావా?"

"అడిగితే ఇచ్చేవాడివా?"

గాటాయన లెక్క వేసుకుని చూశాడు. ఇచ్చేవాడు కాదేమో. అది ఆయన ఖాతాలో తప్పే. అయినా దానికీ దీనికీ చెల్లు అనుకోవడానికి మనసొప్పలేదు.

"సరుకు అమ్ముకున్నావు, అమ్ముకో. నా పేరెందుకు వాడావు?"

"నా పేరుకి ఎవరు కొంటారన్నయ్యా?"

గాటాయన రాట్చెట్ తీసి జేబులో వేసుకున్నాడు. "ఎల్లుండి పొద్దున పదింటికి మేస్త్రమ్మవాళ్ళు వస్తారు. వచ్చి, నేనే వేశాను, తప్పు వేశాను అని చెప్పు. అంతే అడుగుతున్నా. మిగతాది అక్కచెల్లెళ్ళ దాకా వెళ్ళనివ్వను."

"వస్తాను. ఒట్టు," అన్నాడు తోడల్లుడు.

చెప్పిన రోజు పది అయింది. మేస్త్రమ్మ, వెనక ఆరుగురు పనివాళ్ళు మిగతా ఇరవైతొమ్మిది రాట్చెట్లతో వచ్చారు. గాటాయన లోపలికి రావడానికి బల్లకున్న చెక్క తలుపు ఎత్తి ఉంచాడు. స్టూలు తీసుకొచ్చి బల్లకి లోపలివైపు, తన పక్కన వేశాడు. రెండో ఆకురాయి కూడా బయట పెట్టాడు. పదిన్నర అయింది. పదకొండు కొట్టింది, రోజూ అతనొచ్చే వేళ. వీధి మలుపులో ఎవరో కనపడ్డారు. కూరల సంచీతో పోయే మనిషి.

"ఎవరికోసం బాబాయ్?" అంది మేస్త్రమ్మ.

ఆ పిలుపు మళ్ళీ వచ్చినందుకు సంతోషించే తీరిక ఆయనకి లేకపోయింది. "ఎవరికోసమూ కాదు," అని, ఎత్తిన తలుపు దించి, రెండో ఆకురాయి సొరుగులో పెట్టేశాడు.

మొదటి రాట్చెట్ తీసుకున్నాడు. వేసిన గాటు పూడదు. చుట్టూ అరగదీసి నున్నగా కలిపెయ్యాలి, తరవాత అవతలివైపు కొత్తది వెయ్యాలి. ఒకదానికి రెండు పనులు. పనివాళ్ళు అలవాటుగా బల్లమీదికి వంగారు, చూద్దామని.

గాటాయన కూర్చున్న చోటే తిరిగి, వాళ్ళకి వీపు పెట్టాడు. వీధి వెలుతురు వెనకైపోయింది. తన నీడే చేతుల మీద పడింది.

"అదేంటి బాబాయ్, అటు తిరిగావు? కనపడుతోందా?"

"ఇటే బాగుంది తల్లీ," అన్నాడాయన, బొటనవేలితో అంచు తడుముకుంటూ.