సెకనుకు తొంభై సార్లు

షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చేసరికి తమ్ముడికి ఒళ్లు హూనమైపోయింది. పొద్దస్తమానం దీపాల బోర్డులు అతికించే పని. ఇంటికొస్తే మళ్లీ దీపం గొడవే.

ముందుగదిలో అక్క కుట్టుమిషను ఆపి కణతలు నొక్కుకుంటోంది.

"మళ్లీనా?" అన్నాడు విసుగ్గా.

"ఈ దీపం కింద కూర్చుంటేనే వస్తోందిరా. చెబితే వినవు కదా."

మూడు నెలలుగా ఇదే పాట. మిషను పైన ఆ ఎల్‌ఈడీ దీపం స్వయంగా చేసి బిగించింది తమ్ముడే. వెలుగు పెంచుకోవడానికీ తగ్గించుకోవడానికీ నాబ్ కూడా పెట్టాడు. అలాంటిది దాన్నే ఆడిపోసుకుంటే ఎవరికి ఒళ్లు మండదు? "అంతా నీ భ్రమ" అనేశాడు. కళ్లద్దాలు రెండుసార్లు మార్పించాడు. తలనొప్పి మాత్రం ససేమిరా వదల్లేదు. ఇక తన వల్ల కాదనీ, ఈ వారంతో కుట్టడం మానేస్తాననీ అక్క తేల్చి చెప్పేసింది. ఇరవై ఏళ్లుగా ఆ మిషనే ఆవిడ లోకం.

"ఈ ఒక్క అంచూ కుట్టేసి లేస్తాను" అంటూ అక్క నాబ్ తిప్పి వెలుగు తగ్గించి, మీట తొక్కింది. చెప్పులు విప్పుతున్న తమ్ముడి చూపు మిషను చక్రం మీద పడింది. చక్రం గిర్రున తిరుగుతోంది. దాని ఊచలు మాత్రం కదలకుండా నిలబడినట్టు కనిపిస్తున్నాయి.

తిరిగే ఊచలు ఆగినట్టు కనిపిస్తున్నాయంటే, దీపం వెలిగి ఆరుతున్నది వాటి తిరుగుడుకు సరిపడేంత నెమ్మదిగానే అన్నమాట. ఆ నాబ్ చేసేది దీపాన్ని సన్నగా వెలిగించడం కాదు, సెకనులో బోలెడుసార్లు వెలిగించి ఆర్పడం. వెలిగి ఉండే సేపు తగ్గేకొద్దీ వెలుగు తగ్గినట్టు కనిపిస్తుంది. ఆ వెలగడం, ఆరడం ఎంత వేగంగా జరిగితే మనిషికి అంత సుఖం. మొదట అలాగే పెట్టాడు. కానీ దీపాన్ని వెలిగించి ఆర్పే ట్రాన్సిస్టర్ ఆ వేగానికి వేడెక్కిపోతోందని, ఇంకోటి కొనుక్కొచ్చే ఓపిక లేక, వేగాన్ని సెకనుకు తొంభై సార్లకు దించేశాడు. కంటికేం తెలుస్తుందిలే అనుకున్నాడు. కంటికి తెలియలేదు, తలకు తెలిసింది.

చెప్పులు మళ్లీ తొడుక్కున్నాడు. కొట్టు పావుగంట నడక. ఆ పావుగంటకే మూడు నెలల క్రితం బద్ధకించాడు. మంచి ట్రాన్సిస్టర్ తెచ్చి వేసి, వేగం ఇరవై వేలకు పెంచాడు.

అక్క గంటసేపు ఏకబిగిన కుట్టింది.

"రాలేదురా నొప్పి" అంది ఆశ్చర్యంగా.

నేల చూపులు చూస్తూ చేసిన నిర్వాకమంతా చెప్పేశాడు. అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మిషను సొరుగు లాగి, సగం ఖాళీ అయిన మాత్రల అట్ట తీసి అతని చేతిలో పెట్టింది.

"అన్నీ తెలిసినవాడివి, భ్రమ అన్నావు. నిజంగానే మతి పోతోందేమోనని భయమేసిందిరా. ఎవరికీ చెప్పకుండా పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లాను. నెల నుంచీ ఇవే మింగుతున్నాను."